వెలుతురు ఆగిన చోటు

మంచు తోసే ట్రక్కుకు ముందు దీపాలు ఆరిపోతే చేయి ముందుగా బల్బు మీదికే పోతుంది. తప్పు మాత్రం చాలాసార్లు బల్బులో ఉండదు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తిన్న వైర్లలో దాన్ని వెతికి పట్టుకునే పనికి ఓ పద్ధతుంది.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు పడమటి కొసన, ఈరీ సరస్సు ఒడ్డున బఫెలో నగరం ఉంది. నవంబరులో సరస్సు నీటిలో వేసవి వెచ్చదనం ఇంకా మిగిలి ఉండగానే ఉత్తరాది నుంచి దిగిన చలిగాలి దాని పొడవునా వీస్తుంది. దారిలో తేమనంతా పీల్చుకుని, ఒడ్డు చేరగానే మంచుగా కుమ్మరిస్తుంది. 2022 నవంబరులో బఫెలో పక్కనున్న ఆర్చర్డ్ పార్క్‌లో కొద్ది రోజుల్లోనే ఆరడుగులకు పైగా మంచు పడింది. అదే ఏడాది క్రిస్మస్ వేళ వచ్చిన మంచు తుపానుకు ఈరీ కౌంటీలో 40 మందికి పైగా చనిపోయారు.

అలాంటి రాత్రుల్లో పెద్ద రోడ్లను ప్రభుత్వ ట్రక్కులు చూసుకుంటాయి. ఆస్పత్రి ఆవరణలు, దుకాణాల ముందు పార్కింగులు, అపార్ట్‌మెంట్ల మధ్య సందులు చిన్న కాంట్రాక్టర్ల వంతు. వాళ్ల దగ్గర ఉండేది ముందు ఇనుప బ్లేడు తగిలించిన పికప్ ట్రక్కు. రెండంగుళాల మంచు పడితే పని మొదలుపెట్టాలని చాలా ఒప్పందాల్లో రాసుకుంటారు. ఎప్పుడు పడినా జనం లేచేలోగా తోసెయ్యాలి కాబట్టి ఎక్కువ పని రాత్రిపూటే.

డెట్రాయిట్ శివార్లలో, మినియాపొలిస్‌లో, టొరంటో చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు ఈ బండి చప్పుడు బాగా తెలుసు. తెల్లవారుజామున కిటికీ అవతల ఇనుము తారురోడ్డును గీకే మోత, బండి వెనక్కి వచ్చేటప్పుడు కూత, గోడ మీద తిరిగే పసుపు దీపం. పిల్లల్ని బడి బస్సెక్కించే వేళకు దారి తెరిచి ఉంటుంది. తెరిచిన మనిషి అప్పటికే ఇంకో వీధిలో ఉంటాడు. ఆ చీకట్లో అతనికున్న ఆధారం బ్లేడు పైన బిగించిన రెండు దీపాలు. అవి ఆరిపోతే మంచు కింద దాగిన ఫుట్‌పాత్ అంచు కనిపించదు, కారు పక్కన వంగి పారతో మంచు ఎత్తిపోసుకుంటున్న మనిషీ కనిపించడు. ఈ దీపాల వైరింగు గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

ఒక బండికి రెండు జతలు

బ్లేడు నేలకు ఆనించి తోస్తున్నంతసేపూ ట్రక్కు సొంత దీపాలకు పెద్దగా అడ్డు రాదు. ఒక చోటు నుంచి ఇంకో చోటుకు వెళ్లేటప్పుడు దాన్ని పైకెత్తాలి. అప్పుడు రెండడుగులకు పైగా ఎత్తున్న ఇనుప పలక సరిగ్గా హెడ్‌లైట్ల ముందుకొచ్చి నిలబడుతుంది. అందుకని బ్లేడు చట్రం మీద, పలక కంటే ఎత్తున, మరో జత దీపాలు బిగిస్తారు.

బ్లేడు తగిలించినప్పుడు పై జత వెలగాలి, కింది జత ఆరాలి. బ్లేడు తీసేస్తే మళ్లీ కింది జత వెలగాలి. డ్రైవరు మాత్రం ఎప్పుడూ వాడే స్విచ్చునే వాడతాడు. డిమ్మూ బ్రైటూ రెండూ దానితోనే. రెండు జతలూ ఒకేసారి వెలిగితే కింది దీపాల కాంతి బ్లేడు వీపుకు తగిలి డ్రైవరు కళ్లలోనే కొడుతుంది. వైర్లూ ఫ్యూజులూ రెట్టింపు భారం మోయాలి. ఏ జత వెలగాలో తేల్చే పని రిలేలనే చిన్న స్విచ్చులది. ఇప్పుడు చాలా బండ్లలో ఆ రిలేల పనిని మూసేసిన ఒక చిన్న పెట్టెకు అప్పగించి ఇంజను పక్కన బిగిస్తున్నారు. దాన్ని ఐసొలేషన్ మాడ్యూల్ అంటారు. ట్రక్కు హెడ్‌లైటు కప్లరు ఊడదీసి మధ్యలో ఈ పెట్టె వైరింగు కలుపుతారు. అక్కడి నుంచి వైర్లు గ్రిల్లు ముందుకొచ్చి ఓ లావాటి ప్లగ్గు దగ్గర ఆగుతాయి. బ్లేడు తగిలించినప్పుడల్లా ఆ ప్లగ్గు కలపాలి, తీసినప్పుడల్లా విప్పాలి.

కంపెనీ నుంచి వచ్చిన బండిలో హెడ్‌లైటు వైరుకు అతుకులు తక్కువ. బ్లేడు వైరింగు చేరాక బల్బు దగ్గర రెండు, మాడ్యూలు దగ్గర రెండు, గ్రిల్లు ముందు ఒకటి, చట్రం మీది దీపం వెనక ఇంకొకటి చొప్పున పెరుగుతాయి. వాటిలో సగం టైర్లు ఉప్పునీళ్లు చిమ్మే ఎత్తులోనే ఉంటాయి. తప్పులు పుట్టేది అక్కడే.

ఒకప్పుడు ఈ పని ఇంత చిక్కుగా ఉండేది కాదు. 1940 మోడళ్ల నుంచి అమెరికాలో కార్లన్నిటికీ ఒకే కొలత దీపం వాడారు. ఏడంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్, వెనక మూడు పిన్నులు: డిమ్, బ్రైట్, ఎర్త్. తర్వాత నాలుగు దీపాల బండ్లు వచ్చాయి, దీర్ఘచతురస్రపు దీపాలు వచ్చాయి, అయినా రకాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఒక్క వైరింగు సెట్టు కొనుక్కుంటే ఏ ట్రక్కుకైనా పనికొచ్చేది. 1983లో బల్బు ఒక్కటే మార్చుకునే దీపాలకు అక్కడి ప్రభుత్వం అనుమతిచ్చింది. ఇక 9004, 9007, 9005-9006 జత, హెచ్ 11, హెచ్ 13 అంటూ మోడలుకో బల్బు, బల్బుకో సాకెట్టు. పిన్నుల వరస మారింది, వాటితోపాటు బ్లేడు వైరింగు సెట్టూ మారాల్సి వచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు పనిచేసే ఎలక్ట్రీషియన్లకు చేయి తిరిగిన మూడు పిన్నుల హెచ్ 4 బల్బు ఆ పాత సీల్డ్ బీమ్ పిన్నుల వరసనే నిలబెట్టింది. అలాంటి బండి మీద పని నేర్చినవాడు కొత్త పికప్ బానెట్ ఎత్తితే మొదటి చిక్కు అక్కడే ఎదురవుతుంది.

మొదట అడగాల్సిన ప్రశ్న

తప్పు వెతకడం ఆ లావాటి ప్లగ్గు దగ్గర మొదలుపెట్టాలి. బ్లేడు ప్లగ్గు విప్పేసి హెడ్‌లైటు స్విచ్చు వేయాలి. ట్రక్కు సొంత దీపాలు డిమ్ములోనూ బ్రైటులోనూ సరిగ్గా వెలిగితే స్విచ్చు మంచిది, బండి ఫ్యూజులు మంచివి, వాటి జోలికి పోనక్కర్లేదు. తప్పు మాడ్యూలు నుంచి ముందుకు, అంటే బ్లేడు వైపు ఉంది. బ్లేడు విప్పినా సొంత దీపాలు రాకపోతే రిలే అతుక్కుపోయి ఉండొచ్చు, మాడ్యూలుకు వచ్చే కరెంటో ఎర్తో తెగి ఉండొచ్చు. మాడ్యూలును తప్పించి, హెడ్‌లైటు కప్లరును పూర్వంలా నేరుగా బల్బుకే పెట్టి చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

ఆ తర్వాత, పోయింది ఒక దీపమా, రెండూనా? ఒక వైపు ఒక్కటే పోతే ఆ దీపం బల్బు, సాకెట్టు, దాని వరకు వచ్చే వైరు చూడాలి. రెండు వైపులా డిమ్ పోయి బ్రైటు వస్తుంటే రెండు బల్బులూ ఒకేసారి కాలిపోయాయని నమ్మకూడదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోటే చూడాలి. డిమ్, బ్రైటు రెండూ రెండు వైపులా పోయి, ఇండికేటర్లు మాత్రం పనిచేస్తుంటే ప్లగ్గు కొంతవరకైనా కలిసినట్టే. అప్పుడు మాడ్యూలుకు బ్లేడు వచ్చిందని తెలిపే వైరు మీద, ఉమ్మడి ఎర్త్ మీద అనుమానం పెట్టుకోవాలి. ఈ ప్రశ్నలకు పట్టే సమయం పది నిమిషాలు. అవి అడగకుండా మాడ్యూలు కొనితెచ్చి బిగించినవాడు ఖర్చు పెట్టాక కూడా చీకట్లోనే మిగిలిపోయే ప్రమాదం ఉంది.

ఎర్త్

ఈ దీపాల్లో నిజంగా తలనొప్పి పెట్టేది ఎర్తే. కరెంటు బ్యాటరీ నుంచి బల్బుకు వెళ్లగానే పని అయిపోయిందని అందరం అనుకుంటాం. పొలానికి నీరు పెట్టే కాలువ ఎంత బాగున్నా మురుగు కాలువ పూడిపోతే చేను మునిగినట్టే, తిరిగి బ్యాటరీకి చేరే దారి పూడిపోతే బల్బుకు వచ్చిన కరెంటు వచ్చినట్టు కాదు. ట్రక్కుల్లో ఆ తిరుగు దారి చాలావరకు ఇనుప బాడీయే. రంగు వేసిన ఇనుము మీద, తుప్పు పట్టిన బోల్టు కింద, వైరు కొసనుండే లగ్గు పట్టుకుని కూర్చుంటుంది. బ్లేడు చట్రమైతే మరీ కష్టం. అది ట్రక్కుకు రెండు పిన్నుల మీద వేలాడుతుంది, ఆ పిన్నుల చుట్టూ గ్రీజు, తుప్పు, మంచు.

ఎర్త్ చెడితే దీపాలు చిత్రంగా ప్రవర్తిస్తాయి. ఎడమ ఇండికేటరు వేస్తే ఎడమ హెడ్‌లైటు దానితోపాటు మినుకుమినుకుమంటుంది. బ్రైటు వేస్తే పార్కింగు దీపం ఎర్రగా, సగం ప్రాణంతో వెలుగుతుంది. ఒక హెడ్‌లైటు పసుపుపచ్చగా, రెండోది తెల్లగా కనిపిస్తుంది. తన దారి మూసుకుపోతే కరెంటు పక్క బల్బు తీగలోంచి దూరి అవతలి వైపు ఎర్త్ వెతుక్కుంటుంది. అందుకే ఒకదానితో ఒకటి సంబంధం లేని దీపాలు ఒకదాన్నొకటి పట్టి ఊగుతాయి. అలాంటి లక్షణం కనబడితే నేనైతే బల్బు పెట్టె తెరవను, నేరుగా ఎర్త్ బోల్టు దగ్గరికే వెళ్తాను.

అనుమానం తేల్చుకోవడానికి సులువైన పద్ధతుంది. జంపర్ కేబులు ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొస వెలగని దీపం ఎర్త్ పిన్నుకు తగిలించాలి. దీపం భగ్గున వెలిగిందా, తప్పు దొరికినట్టే. అప్పుడు బోల్టు విప్పి, లగ్గును, దాని కింది ఇనుమును ఎమెరీ కాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్ది బిగించి, పైన గ్రీజు పూయాలి. ఇంకా మంచిది, బాడీని నమ్ముకోకుండా ఆ ఎర్త్‌కు ప్రత్యేకంగా ఒక లావాటి నల్లవైరు బ్యాటరీ దాకా లాగడం. దానికయ్యే ఖర్చు ఒక బల్బు ఖరీదుకు అటూఇటూగా ఉంటుంది.

మీటరు చెప్పే సగం నిజం

మల్టీమీటరు తప్పుదారి పట్టించే సందర్భం ఒకటుంది. బల్బు పీకేసి ఖాళీ సాకెట్టులో మీటరు సూదులు పెడితే 12.6 వోల్టులు నిండుగా చూపిస్తుంది. సరఫరా బాగుందనుకుని బల్బు పెడితే అది మిణుకుమంటుంది. మీటరు అబద్ధం చెప్పలేదు. దాని లోపలి నిరోధం కోటి ఓముల దాకా ఉంటుంది కాబట్టి అది తాగే కరెంటు లేనట్టే లెక్క. ముప్పై పోగుల వైరులో ఇరవైతొమ్మిది తెగిపోయి ఒక్కటి మిగిలినా అంత కరెంటు హాయిగా పారుతుంది. 55 వాట్ల బల్బుకు కావలసింది నాలుగు ఆంపియర్ల పైచిలుకు. అది అడిగినప్పుడే ఆ ఒంటి పోగు తడబడుతుంది.

అందుకే కొలత ఎప్పుడూ దీపం వెలుగుతుండగానే తీయాలి. మీటరు ఒక సూది బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది దీపం వెనక ఎర్త్ పిన్ను మీద. 0.2 వోల్టుల లోపు చూపిస్తే తిరుగు దారి బాగుంది. వోల్టో, రెండు వోల్టులో చూపిస్తే బల్బుకు చేరాల్సిన బలం అక్కడే కరిగిపోతోంది. అలాగే బ్యాటరీ పాజిటివ్ నుంచి దీపం పాజిటివ్ పిన్నుకు. అక్కడ అర వోల్టు దాటితే వైరు పొడవునా ఒక్కో అతుకు దగ్గర ఆగి కొలుచుకుంటూ రావాలి. ఎక్కడ అంకె ఒక్కసారిగా ఎగురుతుందో తప్పు అక్కడుంది.

చిన్న నష్టమే కదా అని ఊరుకోవడానికి లేదు. హాలోజన్ బల్బుకు అందే వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. వెలిగే 55 వాట్ల బల్బు నిరోధం మూడు ఓములకు దగ్గర. దారిలో ఒక తుప్పు అతుకు అర ఓము అడ్డం పెట్టినా నూటికి నలభై వంతుల వెలుతురు అక్కడే ఆవిరవుతుంది. కొత్త బల్బు, ఎక్కువ వాట్ల బల్బు పెట్టి దీన్ని గెలవలేం. ఎక్కువ వాట్లంటే ఎక్కువ కరెంటు, చెడ్డ అతుకు దగ్గర ఎక్కువ వేడి, చివరికి కరిగిన ప్లాస్టిక్ కప్లరు.

ఉప్పు వైరులోకి ఎలా వెళ్తుంది

చలి సున్నాకు తొమ్మిదో పదో డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే మామూలు ఉప్పు మంచు కరిగించడంలో బాగా మందగిస్తుంది. అంతకంటే చలి ఉన్నచోట కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కలుపుతారు. ఈ రెండూ గాలిలోని తేమను పీల్చుకుంటాయి. అంటే ఎండ కాసిన రోజు కూడా వైర్ల మీద తడి ఆరదు. ఆ తడి ప్లగ్గులోకి చేరితే, కరెంటు పారుతున్న రెండు పిన్నుల మధ్య రాగిని నెమ్మదిగా తినేస్తుంది.

సీజను చివర అలాంటి ప్లగ్గు ఒకటి విప్పి చూడండి. పిన్నుల మొదళ్ల దగ్గర పచ్చటి చిలుము పొడిలా రాలుతుంది. వేలితో కదిపితే సన్న పిన్ను ఒకటి విరిగి ప్లాస్టిక్‌లోనే ఉండిపోతుంది. దాని వెనక వైరును అంగుళం మేర చెక్కితే మెరవాల్సిన రాగి నల్లగా ఉంటుంది. ఇంకో రెండంగుళాలు చెక్కినా నలుపే. ఉప్పునీరు పోగుల సందుల్లోంచి తొడుగు లోపల పాక్కుంటూ వెళ్లింది. ఆ నల్లరాగి మీద కొత్త లగ్గు నొక్కితే నాలుగు రోజుల ముచ్చటే. ఎర్రటి రాగి కనబడేదాకా వెనక్కి కోసుకుంటూ పోవాలి, ఎంత పొడవు పోయినా సరే. అప్పుడు కొత్త వైరు చేర్చి, లగ్గు గట్టిగా నొక్కి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం వేసి వేడి చేస్తే జిగురు అంచుల్లోంచి బయటికి ఉబుకుతుంది. అప్పుడే ఆ అతుకులోకి నీరు దిగదు.

ఈ పనిలో నాకు బొత్తిగా నచ్చని అలవాట్లు రెండున్నాయి. టెస్ట్ ల్యాంపు సూదితో వైరు తొడుగును గుచ్చి చూడటం ఒకటి. వర్క్‌షాపులో ఆ చిల్లు కంటికి కనబడదు, రోడ్డు మీద ఉప్పునీటికి అది చాలు. కప్లరు వెనక నుంచి సన్నని పిన్ను దూర్చి కొలవొచ్చు, గుచ్చాల్సిన అవసరమే లేదు. రెండోది, వైరును కొరికి పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు. మూడు నిమిషాల్లో అతుకు పడుతుంది, నిజమే. చాలా బండ్లలో తప్పు దొరికేది కూడా ఆ క్లిప్పు కిందే.

కొత్త ట్రక్కుల్లో వైరు వెనక కంప్యూటర్

పాత బండిలో స్విచ్చు వేస్తే కరెంటు నేరుగా బల్బుకు వెళ్లేది. ఇప్పటి చాలా ట్రక్కుల్లో స్విచ్చు బాడీ కంప్యూటరుకు కబురు మాత్రమే పంపుతుంది, దీపం వెలిగించేది కంప్యూటరు. కొన్ని మోడళ్లలో అది కరెంటును ఏకధాటిగా కాక సెకనుకు ఎన్నోసార్లు ఆపి ఆపి వదులుతుంది. దాన్ని మామూలు రిలేకు ఇస్తే రిలే టకటకమని కొట్టుకుంటుంది. మీటరు కూడా సగటు అంకె చూపించి మనిషిని తికమక పెడుతుంది. బల్బు తాగే కరెంటు ఊహించినంత లేదని కంప్యూటరుకు తోస్తే డ్యాష్‌బోర్డు మీద బల్బు పోయిందని హెచ్చరిక వెలుగుతుంది. షార్టు కనబడితే ఆ వైరుకు సరఫరానే ఆపేస్తుంది. కొన్ని బండ్లలో షార్టు సరిచేశాక ఇంజను ఆపి మళ్లీ స్టార్టు చేస్తే గానీ దీపం రాదు. ఫ్యూజు బాగానే ఉండి, వైరూ బాగానే ఉండి దీపం రాకపోతే ఈ సంగతి గుర్తుకు రావాలి.

ఇంకో చిక్కు, కొన్ని బండ్లలో బల్బుకు పాజిటివ్ ఎప్పుడూ ఉంటుంది, స్విచ్చు తెరిచేది మూసేది ఎర్త్ వైపు. అలాంటిదానికి మామూలు సెట్టు తగిలిస్తే డిమ్మూ బ్రైటూ కలగాపులగమవుతాయి. పగలు వాటంతటవే వెలిగే దీపాలున్న బండికి కూడా సరిపడే సెట్టే కావాలి. కాబట్టి బ్లేడు కంపెనీ ఏ సంవత్సరపు ఏ మోడలుకు ఏ మాడ్యూలు చెప్పిందో పుస్తకం తెరిచి చూడటం చేతగానితనం కాదు. ముప్పై ఏళ్ల అనుభవమున్న మెకానిక్కు కూడా ఈ ఒక్కచోట పుస్తకం చూడాల్సిందే.

బ్లేడు ఎత్తినప్పుడు మాత్రమే దీపాలు బాగా మసకబారితే వైరింగు కంటే ముందు బ్యాటరీని చూడాలి. హైడ్రాలిక్ పంపు మోటారు ఎత్తేటప్పుడు 150 ఆంపియర్ల పైన కూడా లాగుతుంది. కొద్దిగా తగ్గడం సహజం. బాగా తగ్గిందంటే బ్యాటరీ టెర్మినళ్లు, ఆల్టర్నేటరు, మోటారుకు వెళ్లే లావు కేబుళ్ల కొసలు వరసగా చూసుకోవాలి.

ఎల్ఈడీలు వచ్చాక కరెంటు భారం తగ్గింది కానీ కొత్త ఇబ్బంది వచ్చింది. హాలోజన్ వేడికి అద్దం మీద పడిన మంచు కరిగిపోయేది. ఎల్ఈడీ అద్దం చల్లగా ఉంటుంది, మంచు పేరుకుని కాంతిని మింగేస్తుంది. అందుకని అద్దాన్ని వేడిచేసే సన్నని తీగ ఉన్న దీపాలు ప్రత్యేకంగా తయారవుతున్నాయి. అవి కొనేటప్పుడు బండి కంప్యూటరుకు, మాడ్యూలుకు సరిపడతాయో లేదో అడగడం మరవొద్దు. పడే మంచులో బ్రైటు వేస్తే కాంతి మంచు రేణువులకు తగిలి తెల్లటి గోడలా తిరిగొస్తుంది కాబట్టి డ్రైవరు బతికేది డిమ్ము మీదే. ఆ డిమ్ము ఎక్కడ పడుతుందో గోడకు 25 అడుగుల దూరంలో బండి నిలిపి సరిచూసుకోవాలి. ఆ పని బ్లేడు తగిలించి, పైకెత్తి చేయాలి. మూడు వందల కిలోలకు పైబడ్డ ఇనుము ముందు వేలాడుతుంటే బండి ముక్కు కిందికి దిగుతుంది, దీపం చూపూ దిగుతుంది.

ఏప్రిల్‌లో బ్లేడు విప్పి షెడ్డులో పెట్టే రోజున చేయాల్సిన పని ఒక గంటది. ప్లగ్గు రెండు ముఖాలూ మంచినీళ్లతో కడిగి, గాలి కొట్టి పూర్తిగా ఆరనివ్వాలి. పిన్నుల మధ్య చిలుము ఉంటే సన్న బ్రష్షుతో తీసి డైఎలక్ట్రిక్ గ్రీజు పూయాలి. ట్రక్కు వైపు ప్లగ్గుకు రబ్బరు టోపీ పెట్టాలి, అది పోయి ఉంటే కొత్తది కొనాలి. వైరు గ్రిల్లు అంచుకు రాసుకునే చోట తొడుగు అరిగిందేమో చేత్తో తడిమి చూడాలి. ఏ వైరు ఏ దీపానిదో టేపు ముక్క మీద రాసి అంటిస్తే నవంబరులో ఆ బండి ఎవరి చేతికి వచ్చినా పని సులువవుతుంది. చివరగా ప్లగ్గు మూతిని నేల వైపు తిప్పి కట్టాలి, వాన నీళ్లు అందులో నిలవకుండా.